మన ఆడపిల్లలకు ముందుగా చెప్పవలసిన మాట

(శతాబ్ది ఉత్సవముల సందర్భముగా స్త్రీల మైత్రి కుటుంబ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



నాకిచ్చిన అంశము 'బాలికల ఆరోగ్యము' అని కార్యక్రమ పత్రికలో అచ్చయినది. అది చదివి, పళ్లు తోముకొనుట, గోళ్లు తీసికొనుట గురించి కాబోలు అనుకొని వచ్చినవారు ఇక్కడ కొందరున్నారేమో. కాదు. ఆడపిల్ల పెద్దమనిషి కావడము గురించి, ఆ దినము రాకమునుపే ఆమెకు చెప్పవలసిన సంగతుల గురించి మాట్లాడుటకు నిలువబడియున్నాను. ఒక మగవాడు, అందులోను పాస్టరు, మైకు ముందర ఈ సంగతి ఎత్తడమేమిటని వెనుక వరుసలో ఎవరో గుసగుసలాడుచున్నారు. నాకు వినబడుచునే ఉన్నది. ఇది నర్సమ్మగారు చేయవలసిన పని అని నేనును ఒప్పుకొందును. ఆమె చెప్పవలసిన భాగము మధ్యాహ్నము ఆమెయే చెప్పుదురు. అయితే నేను మాత్రమే చెప్పగలిగినది ఒకటున్నది. అది నేను చేసిన తప్పు గనుక ఇంకొకరు చెప్పలేరు.

ఆరేండ్ల క్రిందటి మాట. వేసవి సెలవులలో మా సంఘములో వి.బి.యస్. జరుగుచున్నది. పిల్లలు 80 మందికి పైగా వచ్చేవారు. మూడవ దినమున పెద్ద కథ చెప్పే వంతు నాది. అననీయ సప్పీరాల కథ తీసికొన్నాను. కథ చెప్పుటలో నాకు కొంచెము పేరున్నది. ఆ పేరు నిలబెట్టుకొనవలెనని వేదిక మీద దభాలున పడి చూపించినాను. మొదట పిల్లలు నవ్వినారు. తరువాత నిశ్శబ్దమైపోయినారు. దేవునికి ఇవ్వవలసిన దానిలోనుండి దాచుకొంటే ఏమగునో చూచినారా అని అడిగి, ఆ నిశ్శబ్దము చూచి, పాఠము బాగా నాటుకొన్నదని సంతోషించినాను.

వారిలో పదకొండేండ్ల పిల్ల ఒకతె ఉన్నది. తల్లి కువైటులో ఇంటిపనికి వెళ్లి అప్పటికి రెండేండ్లు. తండ్రి హైదరాబాదులో తాపీపని. పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుచున్నది. అంతకు ముందు ఆదివారమున అమ్మమ్మ కానుకకని ఇచ్చిన పది రూపాయలతో ఆ పిల్ల ఐసు కొనుక్కొన్నది. నా కథ విన్న రెండవ దినమున ఆమెకు రక్తము కనబడినది.

పిల్ల వి.బి.యస్.కు రావడము మానినది. అమ్మమ్మను అడిగితే ఒంట్లో బాగులేదన్నది. శనివారము మా ఇంటామె చూచి వద్దామని వెళ్లినది. పిల్ల ఇంటి వెనుక గేదెల పాకలో ఉన్నది. పావడా చింపి గుడ్డలు పెట్టుకొనుచు, తెల్లవారుజామున ఎవరును లేవకముందే కాలువకు పోయి ఉతుక్కొని, ఆ తడి గుడ్డలనే మరల పెట్టుకొనుచున్నది. రెండు దినములుగా అన్నము ముట్టలేదు. మా ఇంటామె దగ్గరకు తీసికొని ఏమైనదని అడిగితే చాలసేపు చెప్పలేదట. చివరకు అడిగిన మాట ఇది: "అమ్మగారూ, అయ్యగారు ప్రార్థన చేస్తే ఇది ఆగుతుందా? ఆ పది రూపాయలు ఇచ్చేస్తాను."

ఆ పిల్ల తాను చచ్చిపోతున్నాననుకొన్నది. సప్పీరా ఒక్క క్షణములో పడిపోయినది. తనను మాత్రము దేవుడు నాలుగు దినములు పెట్టి చంపుచున్నాడనుకొన్నది. మా ఇంటామె ఇంటికి వచ్చి ఈ మాట చెప్పి, "ఇది మీకు చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించుకుంటూ వచ్చానండీ" అన్నది. చెప్పినందుకు నేను ఆమెకు ఋణపడియున్నాను. వేదాంత కళాశాలలో నాలుగేండ్లు చదివి, గ్రీకు హెబ్రీ భాషలు కొంత నేర్చుకొని, ప్రసంగశాస్త్రములో మంచి మార్కులు తెచ్చుకొన్నవాడను. ఒక పసిపిల్లకు దేవుని విషయములో ఇంతటి అబద్ధమును నమ్మించినాను. ఆ అబద్ధము నా నోట పుట్టలేదు, నిజమే. కాని ఆమెకు తన దేహమును గూర్చి ఎవరును ఏమియు చెప్పనందున ఖాళీగా నున్న ఆ చోటును నా కథ వచ్చి నింపినది.

ఎవరు చెప్పవలసియుండిరి? తల్లి పరదేశములో ఉన్నది. అమ్మమ్మ, "వచ్చినప్పుడు చెబుదాంలే అనుకున్నాను, పదకొండేళ్లకే వస్తుందనుకోలేదు" అన్నది. ఆమెను నేను తప్పు పట్టను. మా ఇంటిలో జరిగినదే నాకు గుర్తున్నది. మా అక్కకు ఆ దినము వచ్చినప్పుడు నాకు ఏడేండ్లు. అక్కను వసారాలో ఒక మూలన తాటాకు చాప మీద కూర్చుండబెట్టినారు. పళ్లెము వేరు, చెంబు వేరు. నేను అక్క దగ్గరకు పోబోతే మా నాయనమ్మ గద్దించినది. ఎందుకని అడిగితే, "కాకి ముట్టుకుందిరా" అన్నది. నేను ఆ వారమంతయు వేపచెట్టు మీది కాకులను రాళ్లు పెట్టి కొట్టినాను. నవ్వుచున్నారు గాని, మా అక్క ఆ వారమంతయు ఏమనుకొన్నదో ఇప్పటికిని నేనడుగలేదు. మా అమ్మ మిషను బోర్డింగులో చదివిన మనిషి. ఆమె పెద్దమనిషి అయిన దినమున మేట్రనమ్మ మడిచిన గుడ్డ చేతికిచ్చి, "ఎవరికీ చెప్పకు" అన్నదట. అంతే ఉపదేశము. ఆ రెండు మాటలనే మా అమ్మ మా అక్కకు అప్పగించినది.

మన సంఘములలో ఈ సంగతికి ఇన్ని పేర్లున్నవి: సమర్తాడినది, ఈడేరినది, పెద్దమనిషి అయినది, పుష్పవతి అయినది. తరువాత నెలనెలా వచ్చుదానికి బయట చేరినది, దూరముగా ఉన్నది, ముట్టు, మైల. మొదటి నాలుగు మాటలకు చీరె సారె పెట్టుదుము. తరువాతి మాటలకు మూల చూపించుదుము. ముట్టు అను మాటను కొంచెము ఆలోచించండి. అంటు, ముట్టు. ఈ రెండు మాటలు మనకు క్రొత్తవి కావు. మన తాతముత్తాతలలో అనేకులను ఊరి బయట ఉంచినది ఈ మాటలే. బావి దగ్గరకు రానీయనిది, హోటలులో వేరే గ్లాసు పెట్టినది ఈ మాటలే. నూరేండ్ల క్రిందట సువార్త మన పల్లెలకు వచ్చినప్పుడు మనవారు దానిని అంత ఆశతో పట్టుకొనుటకు కారణములలో ఒకటి, ముట్టుకొనుటకు వెనుదీయని ప్రభువును చూచుటయే. అటువంటి మనము ఆ వేరే పళ్లెమును, ఆ వేరే చెంబును మన ఇంటి వసారాలోనికి తెచ్చుకొని, మన బిడ్డ ముందరనే పెట్టుచున్నాము. ఈ మాట కఠినముగా ఉన్నదని నాకు తెలియును.

లేఖనములో ఉన్నది గదా అందురు. సరే, లేఖనము తెరచి చూతము. లేవీయకాండము 15వ అధ్యాయము. ఆ అధ్యాయము స్త్రీలతో మొదలు కాదు, పురుషులతో మొదలగును. మొదటి 15 వచనములు పురుషుని దేహస్రావమును గురించినవి. తరువాత మూడు వచనములు వీర్యస్ఖలనమును గురించినవి; సాయంకాలము వరకు అపవిత్రత, స్నానము. ఆ పిమ్మటనే స్త్రీ నెలసరి. చివరన మానని రక్తస్రావము. అంటే ధర్మశాస్త్రములో స్త్రీకి ఎంత ఉన్నదో పురుషునికి అంత ఉన్నది. మన ఇండ్లలో పురుషుల భాగమును ఎవరు పాటించుచున్నారు? ఏ పెద్దగారైనను ఆ కారణముచేత సాయంకాలము వరకు వసారాలో వేరే పళ్లెములో తిన్నట్లు నేనెరుగను. మనము మన భాగమును చక్కగా మరచి, ఆడవారి భాగమును మాత్రము కంఠతా పట్టినాము. ఇంకొక సంగతి. వ్యాధి వలని స్రావము మానిన పిమ్మట, పురుషుడైనను స్త్రీయైనను, రెండు పక్షులను అర్పించవలెను. మామూలు నెలసరికి ఏ బలియు లేదు. దానిని పాపముగా ధర్మశాస్త్రము కూడ ఎంచలేదు.

ఇక మార్కు సువార్త 5వ అధ్యాయము మీకు తెలిసినదే. పండ్రెండేండ్లుగా రక్తస్రావముతో బాధపడిన స్త్రీ గుంపులో వెనుకగా వచ్చి ప్రభువు వస్త్రము ముట్టుకొన్నది. ఆయన ఆమెను గద్దించలేదు, కుమారీ అని పిలిచినాడు. ఆ సమయములో ఆయన ఎక్కడికి వెళ్లుచున్నాడు? యాయీరు ఇంటికి. యాయీరు కుమార్తెకు వయస్సెంత? పండ్రెండేండ్లు. ఆ చిన్నది పుట్టిన ఏడే ఈ స్త్రీకి బాధ మొదలైనది. పండ్రెండేండ్ల ఆ పిల్ల చేయి పట్టుకొని లేపి, ప్రభువు చెప్పిన చివరి మాట ఆమెకు తినుటకు ఏదైనను పెట్టుమని. గేదెల పాకలో రెండు దినములు అన్నము లేక కూర్చున్న పిల్లను తలంచుకొన్నప్పుడెల్ల నాకు ఈ మాటయే గుర్తుకు వచ్చును.

సంస్కార ఆదివారమున కొందరు అక్కలు వెనుక బల్ల మీద కూర్చుండి, ముందుకు రాక, తల వంచుకొని వెళ్లిపోవుట నేను చాలా ఏండ్లు చూచినాను. ఏదో మనస్పర్థ కాబోలుననుకొన్నాను. కారణము ఇదియని మా ఇంటామె చెప్పువరకు నాకు తెలియదు. ఈ ప్రశ్న పురాతన సంఘములోనే వచ్చినది. మూడవ శతాబ్దములో అలెగ్జాండ్రియా బిషప్పు దియొనీసియసు అట్టివారు బల్ల దగ్గరకు రాకూడదన్నాడు. అదే శతాబ్దములో సిరియా ప్రాంతపు సంఘములకై వ్రాయబడిన డిడస్కాలియా అను గ్రంథము, ఆ దినములలో ప్రార్థన మానవద్దని, పరిశుద్ధాత్మ వారిని విడిచిపోడని స్త్రీలకు బోధించినది. 601వ సంవత్సరములో పోపు మహా గ్రెగొరీ ఇంగ్లండులోని అగస్టీనుకు వ్రాసిన జాబులో, ఆ స్థితిలోనున్న స్త్రీని ఆలయమునుండి గాని బల్లనుండి గాని ఆపకూడదని, వస్త్రపు చెంగు ముట్టిన స్త్రీని చూపి చెప్పినాడు. భక్తితో తనంతట తాను మానుకొన్న స్త్రీని మెచ్చుకొన్నాడు కూడ. ఆ భాగములో నేను ఆయనతో ఏకీభవించను. అక్కలారా, మీరు ముందుకు రండి. మీరు ఎందుకు రాలేదని గాని, ఎందుకు వచ్చినారని గాని అడిగే హక్కు ఎవరికిని లేదు.

ఇక పిల్లలకు ఏమి చెప్పవలెను, ఎప్పుడు చెప్పవలెను? ఆ వేసవి తరువాత మా సంఘములో మిషను ఆసుపత్రిలో పని చేసి రిటైరైన నర్సమ్మగారు, మా ఇంటామె, ఇద్దరు టీచరమ్మలు కలిసి ఒక తరగతి మొదలుపెట్టినారు. నేను ఆ గదిలోనికి పోను. వారు నాకు నేర్పినదే మీకు చెప్పుచున్నాను.

మన దేశములో ఎక్కువమంది పిల్లలకు 12, 13 ఏండ్లకు వచ్చును. తొమ్మిదేండ్లకు రావచ్చును, పదిహేనేండ్లకు రావచ్చును. రెండును తప్పు కాదు. అయితే దేహము ముందుగా కబురు పంపును. రొమ్ములు చిన్న కణుపువలె కనబడిన తరువాత సాధారణముగా రెండు, రెండున్నర ఏండ్లకు మొదటి నెలసరి వచ్చును. అంతకు కొన్ని నెలల ముందు లోదుస్తులపై తెల్లని తడి కనబడును. కాబట్టి 'వచ్చినప్పుడు చెబుదాంలే' అనవద్దు. తొమ్మిది నిండిన ఏడే మొదలుపెట్టండి. ఒక దినమున కూర్చుండబెట్టి అంతయు చెప్పనక్కరలేదు. ఈ వారము కొంచెము, వచ్చే నెల కొంచెము, బియ్యము ఏరుచు, జడ వేయుచు చెప్పండి. జడ వేసేటప్పుడు పిల్ల ముఖము అవతలి వైపున ఉండును గనుక ఇద్దరికిని సిగ్గు తక్కువ. ఈ మెలకువ మా నర్సమ్మగారిది.

కారణము కూడ చెప్పవలెను. గర్భసంచి మన పిడికిలికంటె చిన్నది. దానికి ఇరువైపుల రెండు అండాశయములు. మెదడు క్రింద బఠాణీగింజంత గ్రంథి ఒకటి వాటికి కబురు పంపగా, నెలకొక అండము పండి విడుదలగును. బిడ్డ వచ్చునేమోనని గర్భసంచి లోపల మెత్తని పొర ఏర్పడును. అతిథి రాకపోతే వేసిన పరుపు తీసివేసినట్లు, ఆ పొర కొంచెము రక్తముతో బయటికి వచ్చును. అది చెడు రక్తము కాదు, దేహములోని మైల అంతకన్న కాదు. ఎంత పోవునని పిల్లలు భయపడుదురు. మొత్తము దినములన్నిటికి కలిపి సాధారణముగా 30, 40 మిల్లీలీటర్లు, అనగా రెండు మూడు పెద్ద చెంచాలు. గుడ్డ మీద చూచినప్పుడు గిన్నెడు పోయినట్లు అనిపించును. రెండునుండి ఏడు దినములుండును. మొదటి రెండేండ్లు తేదీ తప్పుచుండును. 21 దినములకు రావచ్చును, 45 దినములకు రావచ్చును. తేదీని కేలండరు మీద చిన్న చుక్క పెట్టుకొనుట నేర్పండి. మా ఇంట కేలండరు మీద సంఘ కార్యక్రమముల ప్రక్కనే మా అమ్మాయి పెట్టిన చుక్కలున్నవి; ఎవరును కంగారుపడలేదు.

గుడ్డ వాడినను, ప్యాడు వాడినను నాలుగైదు గంటలకొకసారి, ఎట్లైనను ఆరు గంటలు దాటకుండ మార్చవలెను. గుడ్డ తక్కువైనది కాదు. మెత్తని నూలుగుడ్డను సబ్బుతో ఉతికి, మంచి ఎండలో ఆరవేస్తే చాలును. కాని మనవారు దానిని ఎండకు చూపరు. చీరె క్రింద దాచి, తలుపు చాటున, చెమ్మలో ఆరవేయుదురు. వ్యాధి వచ్చేది గుడ్డ వలన కాదు, ఈ దాపరికము వలన. చేతులు ముందును తరువాతను కడుగుకొనవలెను. ప్యాడును కాగితములో చుట్టి చెత్తబుట్టలో వేయవలెను గాని మరుగుదొడ్డిలో వేయరాదు. జనౌషధి దుకాణములలో ఒక్కొక్కటి రూపాయికే ఇచ్చుట 2019లో మొదలైనది. మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు నెలకు పది చొప్పున ఇచ్చు 'స్వేచ్ఛ' పథకము 2021లో ప్రారంభించబడినది. వీటి మీద జి.యస్.టి. 2018 జూలైలో తీసివేసినారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15నుండి 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 77 మంది శుభ్రమైన సాధనములు వాడుచున్నట్లు తేలినది. అంతకు ముందు సర్వేలో ఇది 58కి లోపే. వస్తువు వచ్చినది. మాటయే ఇంకను రాలేదు. ప్యాడు చేతిలో పెట్టి 'ఎవరికీ చెప్పకు' అన్నచో అది మేట్రనమ్మగారి గుడ్డకు క్రొత్త రూపమే.

స్నానము చేయవచ్చును, తలస్నానము చేయవచ్చును. గోరువెచ్చని నీళ్లు నడుము నొప్పికి హాయి. కరివేపాకు చెట్టు ముట్టుకొంటే ఎండదు. ఆవకాయ సంగతి అడుగుదురు. మా ఇంట నాలుగేండ్లుగా ఎవరికి వీలైతే వారు జాడీలో గరిటె పెట్టుచున్నారు. బూజు పట్టినది ఒక్క ఏడు. ఆ ఏడు ఉప్పు కొలిచినది నేను.

తిండి మాట మాత్రము గట్టిగా చెప్పవలెను. ఆ సర్వేలోనే 15నుండి 19 ఏండ్ల మన దేశపు ఆడపిల్లలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. సగముకంటె ఎక్కువ! నెలనెలా కొంచెము పోవుచుండగా, తిరిగి చేరవలసినది చేరుటలేదు. మన పెద్దలు ఆ పదకొండు దినములు నువ్వుల చిమ్మిలి, కొబ్బరి, మినుములు పెట్టుట మంచి ఆచారమే. పదకొండు దినములతో ఆపివేయుటయే లోపము. మునగాకు, తోటకూర, రాగులు, వేరుశెనగలు, గ్రుడ్లు, వీలైనప్పుడు కార్జము ఏడాది పొడుగునా పిల్ల పళ్లెములోనికి రావలెను. కార్జము అన్నకు, మెడ ముక్క చెల్లెలికి వేయు ఇండ్లు నేనెరుగుదును. పాఠశాలలో వారమునకొకటి ఇచ్చు నీలిరంగు ఐరను మాత్రను పారవేయక భోజనము తరువాత మ్రింగమనండి. దానితో టీ త్రాగరాదు; నిమ్మరసము మంచిది. మలము నల్లగా వచ్చినను భయము లేదు. ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్రయు వేయవలెను.

గంటకు రెండు గంటలకు ప్యాడు తడిసిపోయినను, ఏడు దినములు దాటినను, నొప్పితో బడి మానవలసివచ్చినను, ఎనిమిదేండ్లు నిండకముందే కనబడినను, పదిహేనేండ్లు నిండినను రాకపోయినను డాక్టరమ్మకు చూపండి. చెట్టుమందులతో, తాయెత్తులతో కాలము గడపవద్దు. 'ఆడదానికి నొప్పి సహజమే' అనవద్దు. సిగ్గు పేరిట వైద్యము మానుకొన్న ఫలితము మన సంఘ చరిత్రకు తెలిసినదే. తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు గర్భిణులు, మగ డాక్టరు చూడరాదని ఇంటివారనగా, వైద్యము లేక మరణించుట చూచియే ఐడా స్కడ్డరు వైద్యము చదివి వేలూరు పని మొదలుపెట్టినది. మన గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు, పదిహేనేండ్లు కష్టపడి 1898లో ఆసుపత్రి తెరచినది ఇట్టి స్త్రీల కొరకే. ఆ తల్లులు కట్టిన ఆసుపత్రులను మనము శతాబ్ది సంచికలో ఫొటోలు వేసి చూపుదుము. వారు మాట్లాడిన సంగతులను మాత్రము మాట్లాడము.

ఇప్పుడు ఫంక్షన్ల సంగతి. నన్ను ప్రార్థనకు పిలుచుచున్నారు గనుక చెప్పుచున్నాను. ఇంటిలోనివారు పిల్లకు స్నానము చేయించి, క్రొత్త బట్టలు పెట్టి, మేనమామ రెండు కొబ్బరిబొండాలు తెచ్చి, అందరును కలిసి స్తోత్రము చెల్లించుట నాకు సంతోషమే. పిల్ల నాలుగు మంచి మాటలు వినును. అయితే నాలుగురోడ్ల కూడలిలో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించి, ఆ పిల్ల ఫొటో వేసి, అయిదు వందలమందికి బిర్యానీ పెట్టుట ఎందుకు? ఒక తండ్రి రెండు లక్షలు అప్పు చేసినాడు. ఆ పిల్ల మరుసటి వారము బడికి వెళ్లనన్నది. దారిలో మగపిల్లలు ఫ్లెక్సీ చూచి ఏడిపించినారట. ఇంకొక ఇంటిలో, చదివింపులు వ్రాయుచుండగానే సంబంధపు మాట వచ్చినది. పిల్లకు పదమూడు. మన ఆంధ్రప్రదేశ్‌లో 20నుండి 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెండ్లి అయినట్లు ఆ సర్వేయే చెప్పినది. పెద్దమనిషి అనుటతో పిల్ల పెద్దదైపోదు. పద్దెనిమిది నిండని పిల్లకు పెండ్లి ప్రకటనలు నేను చదువను. మా సంఘ పెద్దలు కూడ తీర్మానము చేసినారు.

తండ్రులారా, అన్నలారా, మీకొక మాట. అంగడిలో ప్యాడ్లు కొని నల్ల కవరులో చుట్టి తెచ్చుటకు సిగ్గుపడవద్దు. మొదటిసారి నేను మందుల దుకాణములో అడిగినప్పుడు కుర్రవాడు నా తెల్ల కాలరు చూచి, నా ముఖము చూచి, న్యూసుపేపరులో రెండు చుట్లు చుట్టి ఇచ్చినాడు. ఇప్పుడు చుట్టుటలేదు. మగపిల్లలకు కూడ ఈ సంగతి చెప్పండి. ఏడిపించువాడు మన ఇంటివాడే గదా. కాకులను రాళ్లతో కొట్టినవాడనుగా నేను చెప్పగలను, వారికి చెప్పకపోతే వారును ఏదో ఒకటి ఊహించుకొందురు.

ఒక పని సంఘముగా మనమే చేయవలసినది. మన పాస్టరేటులలో ఎన్ని ఆలయములకు స్త్రీలకు ప్రత్యేకముగా, లోపల గడియ వేసుకొనుటకు వీలున్న, నీళ్లు వచ్చు మరుగుదొడ్డి ఉన్నది? మా ఆలయములో మూడేండ్ల క్రిందటి వరకు లేదు. గోపురము మీద రంగు దీపములుండెను. వి.బి.యస్. పది దినములు పిల్లలను ఉదయమునుండి మధ్యాహ్నము వరకు కూర్చుండబెట్టుదుము. ఆ సమయములో పిల్లకు వచ్చినయెడల ఎక్కడికి పోవలెను? మేము ఆ ఏడు క్రిస్మసు దీపముల ఖర్చు మానుకొని, మిగిలినది చందాలు వేసి, ఒక గది కట్టించినాము. లోపల మేకుకు ఒక సంచి తగిలించినాము. అందులో ప్యాడ్లు, సబ్బు, పాత న్యూసుపేపర్లు. సంచి ఖాళీ అయితే నింపుట సండే స్కూలు టీచరమ్మల పని. కొందరు పెద్దలు అలిగినారు. ఒకరు ఇంకను అలిగియే ఉన్నారు. ఆయన మనుమరాలు మాత్రము తరగతికి వచ్చుచున్నది.

ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్మీడియేటు చదువుచున్నది. ఆమె అనుమతి లేకుండ ఈ సంగతి చెప్పలేదు. పేరు చెప్పవద్దన్నది, కథ చెప్పమన్నది. ఆ పది రూపాయలు మరుసటి ఆదివారమే తెచ్చి నా చేతికిచ్చినది. నేను తీసికొనలేదు, నేనే ఆమెకు క్షమాపణ చెప్పినాను. ఆమెకు అది సరిగా అర్థము కాలేదనుకొందును. "అయితే ఐసు కొనుక్కోవచ్చా?" అని అడిగినది.

ఇక నర్సమ్మగారి తరగతి గురించి ప్రకటన. భోజనము తరువాత రెండున్నరకు, సండే స్కూలు గదిలో. తొమ్మిదేండ్లు నిండిన ఆడపిల్లలు, తల్లులు. తల్లి ఊరిలో లేనివారికి పిన్ని గాని, అమ్మమ్మ గాని, టీచరమ్మ గాని తోడు కూర్చుందురు. మగవారు నాతో చెట్టు క్రిందికి రండి, మనకు వేరే పాఠమున్నది. నోటితో అడుగలేని ప్రశ్నలను చీటీ మీద వ్రాసి, పేరు లేకుండ, తలుపు దగ్గర పెట్టిన పాత కానుక పెట్టెలో వేయండి. ప్రొద్దుటనుండి తొమ్మిది చీటీలు పడినవి. ఒక చీటీ పెద్దవారి చేతివ్రాత: "నాకు యాభై రెండేళ్లు. ఈ మధ్యనే ఆగిపోయింది. నాకు వచ్చినప్పుడూ ఎవరూ చెప్పలేదు, ఆగినప్పుడూ ఎవరూ చెప్పలేదు. నేను కూడా కూర్చోవచ్చా?"

కూర్చోవచ్చునమ్మా. ముందు వరుసలో చాప వేయించినాము.